సంచి మీద సముద్రం

ఐదింటికొకసారి, పదకొండింటికొకసారి
రేడియోలో అంకెలు చదువుతారు.
డెల్మర్ చెవి మీది పెన్సిల్ తీసి
నా మందుల కౌంటరు మీద సంచి పరుస్తాడు.
ఎప్పుడో మూతపడ్డ కిరాణా కొట్టు కాగితం సంచి.
ఒకవైపు పంది మాంసం ధర,
ఇంకోవైపు అచ్చేసిన గల్ఫ్ సముద్రం, గళ్ళు గళ్ళుగా.
నలభై ఏళ్ళ తుఫాన్లు దాని మీదే నడిచాయి,
కొన్ని సిరాలో, కొన్ని పెన్సిల్లో.
ఒకదాన్ని మాత్రం అతని భార్య
గోళ్ళరంగుతో గుర్తుపెట్టిందట, ఇంకేమీ చేతికి దొరక్క.

"ఇరవై ఏడు పాయింటు ఒకటి. ఎనభై ఐదు పాయింటు నాలుగు."
చుక్క.
ఆ చుక్క కింద
ఇరవై మైళ్ళ వెడల్పు కన్ను, రెప్ప లేనిది.
క్లారిస్ అని పేరు పెట్టారు దానికి.

ముగ్గు వేసే చేతులకు తెలుసు,
ముందు చుక్కలు, తర్వాతే గీత.
ఇక్కడ గీత తన దారిన తాను సాగిపోతోంది,
మేమే వెనకాల చుక్కలు పెట్టుకుంటూ పోతున్నాం.

టీవీలో గీత కూడా ఉండదు, పొట్లం ఉంటుంది.
శనగల పొట్లంలా, మూతి మా వైపు విప్పుకుని.
పోర్ట్ సెయింట్ జో, అపలాచికోలా, కారబెల్,
అందరం అందులో గింజలమే.

ఇంగ్లీషులో తుఫాను నేలను తాకుతుంది.
నా భాషలో తీరం దాటుతుంది,
చెప్పులు విప్పకుండా ఎవరో గడప దాటినట్టు.

పగలంతా జనం.
నెలకు సరిపడా బీపీ మాత్రలు, ఐసు డబ్బాలో ఇన్సులిన్.
రెనెటా తన చిలుకకు మత్తుమందు అడిగింది,
పశువుల డాక్టరు అందరికన్నా ముందే ఊరు వదిలాడని.
వెళ్తూ వెళ్తూ అందరిదీ ఒకటే మాట,
పక్కకు తిరిగితే బాగుణ్ణు.
నేనూ అన్నాను.

"ఏ పక్కకు?" అన్నాడు డెల్మర్.

సంచి మీద పడమర వేలు పెట్టి తీశాడు,
తూర్పున పెట్టి, తియ్యడానికి కాస్త ఆలస్యం చేశాడు.
ఆల్చిప్పల పటకారు పట్టి పట్టి వంకరపోయిన వేలు.
తూర్పున కారబెల్.
అక్కడ తమ్ముడు వెండెల్.
ఒక పడవ అమ్మకం దగ్గర చెడి
పన్నెండేళ్ళుగా మాటల్లేవు.
అతను చెప్పలేదు, ఈ ఊళ్ళో ఎవరూ చెప్పించుకోనక్కర్లేదు.

రాత్రి పదకొండు.
"ఇరవై ఎనిమిది పాయింటు ఆరు. ఎనభై నాలుగు పాయింటు తొమ్మిది."
తాగినవాడిలా ఒక్క తూలు తూలి
క్లారిస్ తూర్పుకు తిరిగింది.
"బతికాం!" అని గల్లాపెట్టె దగ్గర టమీకా చప్పట్లు కొట్టింది.
నేను నవ్వాను. నా నవ్వు నాకే వినబడింది.
డెల్మర్ చుక్క పెట్టాడు గానీ పెన్సిల్ ఎత్తలేదు.
మొన దిగి దిగి
సంచికి చిల్లు పడింది.

ఆ రాత్రి మాకు రేకులు మోగాయి,
ఒక కిటికీ పోయింది,
పార్కింగులో ఒక గూడబాతు తెల్లారేదాకా
వీల్‌చెయిర్ల వరస చాటున నక్కి కూచుంది.
ఐదింటికి రేడియో చివరి అంకెలు చదివింది.
సంచి మడిచినట్టే ఉంది.
పెన్సిల్ అక్కడే ఉంది. అంకెలు నాకు తెలుసు.
నేను ముట్టుకోలేదు.

ఏడింటికి వచ్చాడు.
బయట ట్రక్కులో రంపం, డీజిల్ డబ్బాలు, నీలం టార్పాలిన్లు.
చొక్కా చెయ్యి పైకి మడిచి
"ధనుర్వాతం సూది వెయ్యి," అన్నాడు,
"అక్కడంతా మేకులే ఉంటాయి."
"వంతెన తెరిచారా?"
"తెరుస్తారు."

సూది తీశాక ఆ ముసలి చేతి మీద
ఒక చిన్న ఎర్ర చుక్క.
దూది అద్దబోయేసరికి
తలుపు దగ్గరున్నాడు.